సుమత్రా టోలు రహదారి: కిరాయి తగ్గితే లాభం ఎవరిది?

కాకినాడ, కృష్ణపట్నం రేవులలో దిగే పామాయిల్ ధర గురించి మాట్లాడుకునేటప్పుడు మన వ్యాపారులు ముందుగా కౌలాలంపూర్ మార్కెట్‌ను చూస్తారు. తరువాత డాలరు మారకపు రేటును, దిగుమతి సుంకాన్ని చూస్తారు. ఆ నూనె ఓడ ఎక్కడానికి ముందు ఎంత దూరం లారీలో ప్రయాణించిందీ, ఆ కిరాయి ఎవరి నెత్తిన పడిందీ సాధారణంగా చర్చకు రాదు. కాని ప్రపంచ పామాయిల్ ఉత్పత్తిలో సగానికి పైగా అందించే ఇండొనీషియాలో, ముఖ్యంగా సుమత్రా దీవిలో, ఈ కిరాయి ప్రశ్న చుట్టూనే గత పదేళ్లకు పైగా ఒక బృహత్తర నిర్మాణం సాగుతున్నది. దీవి దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొస దాకా, శాఖలతో కలిపి సుమారు 2,700 కిలోమీటర్ల టోలు రహదారిని వేయాలన్నది ఆ పథకం. 2025 నాటికి అందులో వెయ్యి కిలోమీటర్లకు పైగా రాకపోకలకు తెరిచారు.

రహదారి వచ్చిన చోట ప్రయాణ కాలం సగానికి పైగా తగ్గింది. అయినప్పటికీ సరుకు లారీలు అనేకం ఇంకా పాత దారినే పోతున్నాయి. ఇంత ఖర్చుతో వేసిన దారిని, ఎవరి కోసం వేశారో వారే వాడకపోవడానికి కారణాలు తెలుసుకుంటే, సరుకు ధరలో రవాణా పాత్ర ఏమిటో కూడా తెలుస్తుంది.

దీవి స్వరూపం

సుమత్రా ప్రపంచంలో ఆరవ పెద్ద దీవి. విస్తీర్ణం సుమారు 4 లక్షల 73 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ కలిపినా అందులో మూడింట రెండు వంతులకు మించవు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 5 కోట్ల 80 లక్షలకు పైగా ప్రజలున్నారు. పడమటి తీరం వెంబడి బారిసాన్ పర్వతాలు గోడలాగా నిలిచి ఉన్నాయి. తూర్పు వైపు పల్లపు నేల. అందులో చాలా భాగం చిత్తడి, కుళ్లిన ఆకు అలములతో పేరుకుపోయిన పీటు నేల.

సరుకులు పండేది దీవి పొడవునా. లంపుంగ్, దక్షిణ సుమత్రా, బెంకూలు రాష్ట్రాలలో రొబస్టా కాఫీ, ఆచే కొండలలో అరబికా, జాంబి, దక్షిణ సుమత్రాలలో రబ్బరు, రియావు, ఉత్తర సుమత్రాలలో పామాయిల్ ప్రధానమైనవి. ఓడరేవులు మాత్రం ఎక్కువగా తూర్పున, దక్షిణాన ఉన్నాయి. రియావు నూనె దుమాయ్ రేవుకు, మెదాన్ ప్రాంతపు సరుకు బెలావాన్‌కు, లంపుంగ్ కాఫీ పంజాంగ్ రేవుకు చేరుతాయి. జావా దీవికి పోవలసిన సరుకు బకౌహెనీ వద్ద పడవ ఎక్కి సుందా జలసంధి దాటుతుంది. ఆ జలసంధిపై వంతెన కట్టాలన్న ఆలోచనను 2014లో పక్కన పెట్టారు. కనుక టోలు రహదారి దక్షిణపు కొస ఈనాటికీ పడవల రేవు వద్దనే ఆగుతుంది.

పాత రహదారులు మూడు. తూర్పు దారి, మధ్య దారి, పడమటి దారి అని వాటిని పిలుస్తారు. లారీ, బస్సు, మోటారు సైకిలు, సంత, బడి పిల్లలు అన్నీ ఒకే దారి మీద ఉంటాయి. వానాకాలంలో గుంటలు, కొండ దారులలో చరియలు విరిగిపడడం మామూలే. 2025 నవంబరు చివర తుపాను వర్షాలకు ఆచే, ఉత్తర సుమత్రా, పశ్చిమ సుమత్రా రాష్ట్రాలలో వరదలు వచ్చి రోడ్లు, వంతెనలు అనేక చోట్ల తెగిపోయాయి. ఒకే దారి మీద ఆధారపడిన జిల్లాలు బయటి లోకంతో సంబంధం కోల్పోతే ఏమవుతుందో అప్పుడు మరోసారి రుజువయింది.

పథకం నడక

టోలు రహదారి అంటే వసూలయ్యే రుసుముతో పెట్టుబడి తిరిగి రావాలి. సుమత్రాలో వాహనాల రద్దీ అందుకు సరిపడా లేదు కనుక ప్రైవేటు కంపెనీలు ముందుకు రాలేదు. 2014 సెప్టెంబరులో ఇండొనీషియా ప్రభుత్వం ఒక అధ్యక్ష ఉత్తర్వు ద్వారా ఈ పనిని ప్రభుత్వ రంగ నిర్మాణ సంస్థ అయిన హుతామ కార్యకు అప్పగించింది. మొదట ఇచ్చినవి నాలుగు భాగాలు: మెదాన్-బింజాయ్, పాలెంబాంగ్-ఇంద్రలయ, పెకన్‌బారు-దుమాయ్, బకౌహెనీ-తెర్బంగి బెసార్. 2015లో మరో ఉత్తర్వుతో ఈ సంఖ్యను 24కు పెంచారు.

బకౌహెనీ నుంచి తెర్బంగి బెసార్ వరకు 141 కిలోమీటర్ల దారిని అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో 2019 మార్చిలో ప్రారంభించారు. అదే సంవత్సరం నవంబరులో అక్కడి నుంచి కాయు అగుంగ్ దాకా మరో 189 కిలోమీటర్లు తెరిచారు. 2020 సెప్టెంబరులో 131 కిలోమీటర్ల పెకన్‌బారు-దుమాయ్ దారి పూర్తయింది. ఈ చివరి దారి ఏనుగులు తిరిగే అడవుల గుండా పోతుంది గనుక, అవి దాటడానికి రోడ్డు కింద ప్రత్యేక మార్గాలు కట్టారు.

అయితే ఉత్తరాన మెదాన్ చుట్టూ, మధ్యన పెకన్‌బారు చుట్టూ, దక్షిణాన లంపుంగ్-పాలెంబాంగ్ మధ్య దారులు సిద్ధమైనా, అవి ఒకదానితో ఒకటి పూర్తిగా కలవలేదు. జాంబి మీదుగా పెకన్‌బారు చేరే నడుమ భాగం 2025 నాటికి ముక్కలుగానే ఉన్నది. గొలుసులో కొన్ని కొక్కేలు లేకపోతే మిగిలిన వాటి బలం పూర్తిగా ఉపయోగపడదు. దూర ప్రాంతపు లారీ కొంత దూరం టోలు దారిలో పోయి, దిగి, మళ్లీ పాత దారి పట్టవలసి వస్తున్నది.

బురదలో పునాది

నిర్మాణం ఖరీదు కావడానికి నేల ఒక ముఖ్య కారణం. పాలెంబాంగ్ దగ్గర చిత్తడి నేల ఎంత మెత్తనిదంటే, మట్టి పోసి కట్ట వేస్తే కట్ట కిందికి దిగిపోతుంది. అందుచేత పాలెంబాంగ్-ఇంద్రలయ భాగంలో వేరొక పద్ధతిని వాడారు. నేలలోకి నిలువుగా నీరు పీల్చే పట్టీలను దింపి, పైన గాలి చొరబడని పట్టాను పరిచి, పంపులతో లోపలి నీటిని, గాలిని తోడివేశారు. అప్పుడు నేల గట్టిపడి రోడ్డు బరువును ఓర్చుకుంటుంది. కొన్ని చోట్ల నేలను నమ్మకుండా స్తంభాల మీద వంతెనలాగానే రోడ్డును కట్టవలసి వచ్చింది. ఇరవై రెండు కిలోమీటర్ల చిన్న భాగానికి ఇంత శ్రమ పడవలసి వచ్చిందంటే, పల్లపు తీరమంతటా ఖర్చు ఏ స్థాయిలో ఉంటుందో ఊహించవచ్చు.

గెలకు ఆలస్యం పనికిరాదు

దారి అవసరం ఎంతటిదో ఏలూరు, ఖమ్మం జిల్లాల పామాయిల్ రైతులకు వేరే చెప్పనక్కరలేదు. గెల కోసిన తరువాత ఇరవై నాలుగు గంటలలోగా ఫ్యాక్టరీ చేరాలి. ఆలస్యమైతే పండులోని నూనె విడిపోయి ఆమ్లాల శాతం పెరుగుతుంది. ఆమ్లం పెరిగిన నూనెను శుద్ధి చేసేటప్పుడు తరుగు ఎక్కువ గనుక ధర తగ్గుతుంది. సుమత్రాలోనూ ఇదే సూత్రం. వానలో తోట దారి బురదైతే గెలలు గట్టున కుళ్లుతాయి. ఆ రోజు మార్కెట్ ఎంత బాగున్నా రైతుకు ఒరిగేది లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గెల ప్రయాణించేది తోట నుంచి మిల్లు దాకా, అంటే కొద్ది కిలోమీటర్లే. ఆ దూరంలో ఉన్నవి పల్లె దారులు, తోట దారులు. టోలు రహదారి మీద ప్రయాణించేది మిల్లులో తీసిన ముడి నూనె. పెకన్‌బారు నుంచి దుమాయ్‌కి పాత దారిన నాలుగైదు గంటలు పట్టేది. టోలు దారిన రెండు గంటల లోపే చేరవచ్చు. నూనె లారీ రోజుకు ఒక తడవకు బదులు రెండు తడవలు తిరగవచ్చు. ఈ లాభం మొదట మిల్లుకు, లారీ యజమానికి అందుతుంది. అది గట్టు మీది రైతు దాకా దిగుతుందా లేదా అన్నది వేరే లెక్క.

లారీలు ఎందుకు ఎక్కడం లేదు?

ఇండొనీషియాలో టోలు వాహనాలను ఇరుసుల సంఖ్యను బట్టి అయిదు తరగతులుగా విభజించారు. కార్లు, బస్సులు, చిన్న లారీలు మొదటి తరగతి. రెండు, మూడు ఇరుసుల లారీలు సుమారు ఒకటిన్నర రెట్లు, నాలుగు, అయిదు ఇరుసుల లారీలు రెండు రెట్లు చెల్లించాలి. బకౌహెనీ-తెర్బంగి బెసార్ దారిలో 2019లో వసూలు ప్రారంభమైనప్పుడు మొదటి తరగతి రుసుము 1,12,500 రుపియాలు. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో సుమారు 550 రూపాయలు. పెద్ద లారీకి అందులో రెట్టింపు, అంటే సుమారు 1,100 రూపాయలు.

లారీలో 25 టన్నుల సరుకు ఉన్నదనుకుంటే టన్నుకు దాదాపు 45 రూపాయలు, కిలోకు నాలుగున్నర పైసలు అవుతుంది. కాఫీ గింజలకు ఇది లెక్కలోకి రాదు. కాని లంపుంగ్‌లో కాఫీతో పాటు కర్ర పెండలం కూడా విస్తారంగా పండుతుంది. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతపు సగ్గుబియ్యం వ్యాపారులకు ఆ సరుకు సంగతి తెలుసు. బరువు ఎక్కువ, ధర తక్కువ, అందులో సగానికి పైగా నీరు. అటువంటి సరుకుకు కిలో మీద పైసలు కూడా బరువే. రబ్బరు విషయమూ కొంతవరకు ఇంతే. చిన్న రైతు అమ్మేది ఎండిన రబ్బరు కాదు, తడి ముద్ద. అందులో సగం దాకా నీరే ఉంటుంది. లారీ కిరాయి, టోలు ఆ నీటికి కూడా చెల్లించవలసిందే. అంటే ఒకే దారి, ఒకే రుసుము అయినా, కొన్ని సరుకులు దానిని భరించగలవు, కొన్ని భరించలేవు.

రుసుము ఒక్కటే కారణం కాదు. అక్కడి లారీ వ్యాపారంలో డ్రైవరుకు ఒక్కో తడవకు దారి ఖర్చుల కింద గుత్తగా కొంత మొత్తం ఇచ్చి పంపడం వాడుక. డీజిలు, భోజనం, టోలు అన్నీ అందులోనే. మిగిలినది డ్రైవరుదే. టోలు దారి ఎక్కితే యజమానికి కాలం కలిసి వస్తుంది, డ్రైవరుకు చేతి డబ్బు పోతుంది. దారి ఎంచుకునేది డ్రైవరు కనుక ఫలితం ఊహించవచ్చు. పైగా లారీలు వాడే డీజిలుకు ప్రభుత్వ రాయితీ ఉన్నది. ఇంధనం చౌకగా దొరికినంత కాలం, నున్నటి దారిలో ఆదా అయ్యే లీటర్ల విలువ కూడా తక్కువగానే కనిపిస్తుంది.

మూడవది అధిక బరువు. లారీ తొట్టిని పొడిగించి, పరిమితికి మించి నింపడం సుమత్రాలో పాత అలవాటు. కిరాయిని టన్నుల మీద లెక్కిస్తారు గనుక ఎక్కువ వేస్తే టన్నుకు ఖర్చు తగ్గుతుంది. దాని నష్టం మాత్రం రోడ్డుకు. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు కలిగే అరుగుదల సుమారు పదహారు రెట్లు అవుతుందని ఇంజనీర్ల లెక్క. ఈ అలవాటును పూర్తిగా మాన్పిస్తామని ప్రభుత్వం మొదట 2021, తరువాత 2023 గడువులు పెట్టింది. అవి వాయిదా పడ్డాయి. వాయిదాకు కారణం కూడా ధరలే. పరిమితిని కచ్చితంగా అమలు చేస్తే కిరాయిలు పెరిగి సిమెంటు నుంచి బియ్యం దాకా అన్నిటి ధరలూ పెరుగుతాయన్న భయం ఉన్నది.

పాత దారిలో కనిపించని రుసుము

పాత దారి ఉచితం అనుకోవడం కూడా పొరపాటే. ఆచే రాష్ట్రంలో 2005 నవంబరు నుంచి 2006 జూలై వరకు బెంజమిన్ ఓల్కెన్, పాట్రిక్ బారన్ అనే పరిశోధకులు ఒక విలక్షణమైన పరిశీలన జరిపించారు. వారి మనుషులు లారీ డ్రైవర్ల పక్కన కూర్చుని 304 ప్రయాణాలు చేశారు. ఆ ప్రయాణాలలో పోలీసులకు, సైనికులకు, బరువు తూచే కేంద్రాలలోని సిబ్బందికి డ్రైవర్లు ఇచ్చుకున్న అక్రమ చెల్లింపులు ఆరు వేలకు పైగా లెక్కకు వచ్చాయి. ప్రయాణానికి అయ్యే అసలు ఖర్చులో ఇవి సుమారు 13 శాతం ఉన్నట్లు తేలింది. మరొక విషయం కూడా బయటపడింది. శాంతి ఒప్పందం తరువాత సైన్యం ఉపసంహరణతో కొన్ని తనిఖీ కేంద్రాలు ఎత్తివేయగా, మిగిలిన కేంద్రాలు తమ రేటును పెంచాయి.

అది ఇరవై ఏళ్ల కిందటి ఒక ప్రాంతపు పరిస్థితి. దానిని నేటి సుమత్రా అంతటికీ వర్తింపజేయలేము. కాని అందులోని సూత్రం పాతబడలేదు. దారి మీద చేయి చాచేవారు ఎందరున్నా, చివరకు ఆ మొత్తం సరుకు ధరలోనే కలుస్తుంది. టోలు దారికి ఉన్న సుగుణం ఏమంటే, రుసుము బోర్డు మీద రాసి ఉంటుంది, రసీదు ఉంటుంది, ముందుగానే లెక్క వేసుకోవచ్చు. ఒప్పందం ప్రకారం సరుకు ఫలానా రోజున రేవుకు చేర్చవలసిన ఎగుమతిదారుకు ఈ నిశ్చయం కూడా విలువైనదే.

మిగులు ఎవరి సంచిలో?

ఇక అసలు ప్రశ్న. సుమత్రాలో కిరాయి తగ్గితే కాకినాడలో పామాయిల్ చౌక అవుతుందా? నేరుగా కాదు. పామాయిల్ ధర అంతర్జాతీయ మార్కెట్‌లో నిర్ణయమవుతుంది. కొనుగోలుదారుకు ఇండొనీషియా నూనె, మలేషియా నూనె ఒకటే. రేవు దగ్గరి ఆ ధర నుంచి ఎగుమతి సుంకం, లెవీ, రేవు దాకా కిరాయి, మిల్లు ఖర్చు, దళారీ కమీషను ఒక్కొక్కటే మినహాయించుకుంటూ వెనక్కి పోతే చివరకు మిగిలేది గెల ధర. కనుక రేవుకు దూరంగా ఉన్న రైతుకు అదే గెలకు తక్కువ వస్తుంది. కిరాయి భారం మోస్తున్నది కాకినాడ కొనుగోలుదారు కాదు, లోపలి జిల్లాల రైతు. అదే న్యాయాన కిరాయి తగ్గితే ఆ మిగులు కూడా అతనికే చేరాలి.

అది చేరే దారి మాత్రం అందరికీ ఒకటి కాదు. ఇండొనీషియా పామాయిల్ తోటల విస్తీర్ణంలో సుమారు నలభై శాతం చిన్న రైతులది. వారిలో కంపెనీలతో ఒప్పందం ఉన్నవారికి రాష్ట్ర స్థాయి కమిటీలు గెల ధరను నిర్ణయిస్తాయి. నూనె ధర, నూనె దిగుబడి శాతం, పప్పు ధరతో పాటు, మిల్లు, రవాణా ఖర్చులు పోగా రైతుకు దక్కే వాటాను తెలిపే ఒక సూచిక ఆ లెక్కలో ఉంటుంది. రవాణా ఖర్చు తగ్గితే సూచిక పెరగాలి, ధరా పెరగాలి. ఒప్పందం లేని రైతులకు ఈ లెక్క వర్తించదు. వారు దళారీకి అమ్ముతారు. దగ్గరలో రెండు మూడు మిల్లులుంటే దళారీలు పోటీపడి కొంత పెంచుతారు. ఒకే మిల్లు, ఒకే దళారీ ఉన్న చోట తగ్గిన కిరాయి అంతా నడుమనే ఆగిపోతుంది.

2022లో జరిగినది ఇందుకు మంచి ఉదాహరణ. ఆ సంవత్సరం ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు ఇండొనీషియా పామాయిల్ ఎగుమతులను నిషేధించింది. నిల్వ ట్యాంకులు నిండడంతో మిల్లులు కొనుగోళ్లు తగ్గించాయి. ప్రపంచ మార్కెట్‌లో ధర ఎక్కువగా ఉన్న రోజులలోనే సుమత్రా గట్టు మీద గెల ధర పడిపోయింది. అందులోనూ ఒప్పందం లేని రైతులే ఎక్కువ దెబ్బతిన్నారు. దారి ఎంత నున్నగా ఉన్నా, చివరి కొస మూసుకుంటే సరుకు కదలదని, నష్టం మొదట తోటకే చేరుతుందని అది చూపింది.

అప్పు తీర్చేది ఎవరు?

రద్దీ చాలని దారికి రుసుము పెంచితే లారీలు ఇంకా తగ్గుతాయి. రుసుము తగ్గిస్తే అప్పు తీరదు. ఈ ఇరకాటంలో హుతామ కార్యకు ప్రభుత్వం ఏటికేడు మూలధనం సమకూర్చవలసి వచ్చింది. పూర్తయిన దారులను అమ్మి ఆ సొమ్ముతో కొత్తవి కట్టడం మరొక ఉపాయం. 2023లో మెదాన్-బింజాయ్, బకౌహెనీ-తెర్బంగి బెసార్ దారులను ఆ దేశపు ప్రభుత్వ పెట్టుబడుల నిధి తీసుకున్నది. రద్దీ ఉన్న దారులకు ఈ విధంగా కొనుగోలుదారు దొరుకుతాడు. రద్దీ లేని దారుల భారం ఖజానా మీదనే ఉంటుంది. అంటే టోలు కట్టని వాడు కూడా పన్ను రూపంలో రహదారికి చెల్లిస్తూనే ఉన్నాడు.

దేశానికి లాభసాటి అయిన ప్రతి దారీ టోలు గేటు దగ్గర లాభం చూపదు. గెల కుళ్లకుండా మిల్లు చేరడం, కాఫీ గింజ సమయానికి ఓడ ఎక్కడం, వరదలో రెండవ దారి ఉండడం, ఇవేవీ గేటు దగ్గరి వసూళ్లలో కనిపించవు. కాని టోలు దారి పక్కన తోట దారి బురదలోనే ఉంటే ఈ లాభాలు కూడా సగమే అందుతాయి. ఏలూరు రైతుకైనా, రియావు రైతుకైనా మొదటి పది కిలోమీటర్ల దారే ఎక్కువ ముఖ్యం.

మన పామాయిల్ వ్యాపారులు ఈ రహదారిని చూసి ధరలు తగ్గుతాయని ఎదురుచూడనవసరం లేదు. వారు గమనించవలసినవి మూడు: జాంబి వద్ద మిగిలిన ముక్కలు ఎప్పుడు కలుస్తాయి, లారీల అధిక బరువుపై ఆంక్షలు నిజంగా అమలవుతాయా, డీజిలు రాయితీ కొనసాగుతుందా. మొదటిది జరిగితే వానాకాలంలో సరఫరా జాప్యాలు తగ్గవచ్చు. రెండవది అమలైనా, మూడవది ఆగినా లోపలి కిరాయిలు పెరుగుతాయి. ఆ పెరుగుదల వెంటనే కాకినాడ ధరలో కనిపించదు. ముందుగా సుమత్రాలో గెల ధర తగ్గుతుంది. ఆ ధర చాలాకాలం తక్కువగా ఉంటే రైతు ఎరువు తగ్గిస్తాడు, ముసలి చెట్లను తీసి కొత్త మొక్కలు వేయడం వాయిదా వేస్తాడు. దాని ఫలితం కొన్నేళ్ల తరువాత దిగుబడిలో, ఆపైన మన రేవుల ధరలో కనిపిస్తుంది.